రంగు నిలిచే చెయ్యి

బొంతని నూతి చప్టా మీద పరిచి రెండో బిందె నీళ్ళు పోసేసరికి గురమ్మకి సంగతి అర్థమైపోయింది. మొదటి నీళ్ళకి కాస్త రంగు దిగడం మామూలే, దానికెవరూ కంగారు పడరు. రెండో నీళ్ళు కూడా ఎర్రగానే పారుతున్నాయి. అంచుల చుట్టూ తను కుట్టిన ఎర్రపట్టీ నుంచీ, నడుమనున్న బండిచక్రం నుంచీ ఎరుపు కారి పక్కనున్న తెల్ల ముక్కల్లోకి పాకింది. పసుపు ముక్కలు చెక్కుచెదరలేదు. నీలం ముక్కలూ అంతే. ఆ రెండు రంగులూ అత్త వేసినవి. ఎరుపు ఒక్కటే గురమ్మ వేసింది.

నూతి దగ్గర మరో ఇద్దరు ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. వాళ్ళేమీ అనలేదు. అప్పుడే అనాల్సిన తొందరేముంది, సాయంత్రానికి వీధి వీధంతా అనొచ్చు.

జగ్గమ్మ కుడిచేతి మణికట్టుకి ఆముదపాకు కట్టుతో వచ్చి చప్టా పక్కన గొంతుక్కూర్చుంది. తొలకరి వానకి ఆ చప్టా మీదే జారి చెయ్యి బెణికించుకుంది. అందుకే ఎరుపు వెయ్యడం చిన్నకోడలికి వదలాల్సొచ్చింది. ఎడమ బొటనవేలితో పట్టీని రుద్ది, వేలు పైకెత్తి చూసుకుంది. వేలు ఎర్రబడింది. ఆవిడ తిట్టేస్తే బాగుండునని గురమ్మకి అనిపించింది. తిట్టడానికి జగ్గమ్మకి నోరు లేక కాదు, ఆ నోరంటే ఊరందరికీ హడలు. కానీ తిట్టలేదు.

"నీదీ అదే సెయ్యా," అని మాత్రం అంది, లేచి ఇంట్లోకి పోతూ.

'అదే' అంటే ఎవరిదో విడమరిచి చెప్పక్కర్లేదు. పశువుల శాల గుమ్మంలో పెద్దకోడలు బుల్లమ్మ పేడగంప నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. ఆ మాట ఆమెకీ వినబడింది. ముఖం తిప్పుకుని గంపతో పెంటవైపు వెళ్ళిపోయింది.

కోటబొమ్మాళికి పక్కనే ఉన్న ఆ ఊళ్ళో జగ్గమ్మ బొంతలంటే టెక్కలి నుంచి నరసన్నపేట దాకా పేరుంది. పాత కోకలు ఉతికి, పొరలు పొరలుగా పరిచి, పైన రంగు ముక్కలు పేర్చి సన్నటి కుట్టుతో బిగించడం ఆ చుట్టుపక్కల చాలామంది ఆడవాళ్ళకి వచ్చు. జగ్గమ్మ పేర్చితే మాత్రం అది కప్పుకునేదిలా ఉండదు, గోడకి కట్టి చూసుకోవాలనిపిస్తుంది. వరికంకులు, చేపలు, చక్రాలు అన్నీ ముక్కల్లోంచే లేస్తాయి. రంగులన్నీ ఇంట్లో కాచి వేసినవే, ఎన్ని ఉతుకులు ఉతికినా వెలవవు. జగ్గమ్మది రంగు నిలిచే చెయ్యని అందరూ అంటారు. ఆ మాట వల్ల ఇంటికి ఎంత గౌరవమో, ఆ మాట పట్టుకుని జగ్గమ్మ ఇంట్లో చేసే పెత్తనమూ అంతే. రంగు నిలిచే చెయ్యి తోడుపెడితే పాలు గడ్డగా తోడుకుంటాయట. ఊరగాయ బూజు పట్టదట. నారు బతుకుతుందట, పసిపిల్ల నిలబడుతుందట. రంగు నిలవని చేతికి ఇవేవీ లేవట. ఈ శాస్త్రం ఎవరు రాశారో తెలీదు గాని, ఆ ఊళ్ళో దాన్ని కాదన్నవాళ్ళు లేరు.

ఇప్పుడు పాడైన బొంత సుభద్రమ్మగారిది. కోటబొమ్మాళి బియ్యం మిల్లు నారాయణమూర్తిగారి భార్య ఆవిడ. కూతురికి ఆడపిల్ల పుట్టింది. వచ్చే శుక్రవారం పిల్లని ఉయ్యాల్లో వేస్తారు, అప్పటికి బొంత కావాలి. పసిపిల్ల ఒంటికి కొత్తరంగు వాసన తగలకూడదని ఇంట్లోనే ఒక ఉతుకు ఉతికి ఇవ్వడం జగ్గమ్మ పద్ధతి. ఆ పద్ధతి లేకపోతే ఈ ఎరుపు మిల్లువారి మనవరాలి ఒంటి మీదే దిగి ఉండేది.

పట్టీ కుట్టడంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. గురమ్మ నౌపడ పిల్ల. అక్కడ రైల్వే క్వార్టర్ల దగ్గర మిషను పెట్టుకున్న ఎల్లాజీ దగ్గర గుడ్డని ఏటవాలుగా కోయడం నేర్చుకుంది. నిలువుగానో అడ్డంగానో కోసిన పట్టీ బొంత మూల దగ్గర ముడతపడి ముందు అక్కడే చిరుగుతుంది. గుడ్డని ఈ మూల నుంచి ఆ మూలకి మడిచి, ఆ మడత వెంట కోస్తే పట్టీ సాగుతుంది, గుండ్రటి మూల చుట్టూ ఎలా తిప్పితే అలా తిరిగి అణిగి కూర్చుంటుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ పట్టీ చూసి జగ్గమ్మ ముచ్చటపడింది. కోడలిని ఎదురుగా మెచ్చుకోవడం ఆవిడ జన్మలో అదొక్కసారే జరిగిందని ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు.

*

ఆ సాయంత్రం పాలు కాచి చల్లార్చి, గురమ్మ ఎప్పట్లాగే తోడు గిన్నె అందుకోబోయింది. జగ్గమ్మ ఎడంచేత్తో గిన్నె తనవైపు జరుపుకుంది.

"నానేస్తాన్లే," అంది మెల్లగా.

అంతే జరిగింది. చూసేవాళ్ళకి అది ఏమీ కాదు. గురమ్మ మాత్రం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకి తుడుచుకుంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ తోడు పెట్టడం తన పని. అన్నాల దగ్గర ఊడుపుల మాట వచ్చింది. బ్లాకు ఆఫీసువాళ్ళిచ్చిన కొత్తరకం వరి, ఐ.ఆర్. ఎనిమిది నారు ఏపుగా ఎదిగింది, వచ్చే సోమవారం మొదలుపెడదామన్నాడు గురమ్మ మొగుడు సోములు. జగ్గమ్మ మజ్జిగ పోసుకుంటూ, తొలి వరస పడ్డాక బుల్లితోపాటు గురినీ పొలానికి రమ్మంది. ఎండెక్కాక వస్తే చాలంది, అదేదో సుఖపెడుతున్నట్టు.

పశువులకి కుడితి పెట్టే వేళ గురమ్మ సోములుని పట్టుకుని, ఇదెక్కడి న్యాయం అని అడిగింది. అతను మంచివాడు, అంటే ఎవరికీ ఎదురు చెప్పడు. అమ్మ అన్నాక మనమేం చేస్తాం, నాల్రోజులు పోతే తనే మర్చిపోతుందన్నాడు. బుల్లమ్మ విషయంలో ఎన్నేళ్ళకి మర్చిపోయిందని గురమ్మ అడిగింది. సోములు కుడితిలో ఇంకో గుప్పెడు తవుడు పోశాడు.

మర్నాడు మధ్యాహ్నం వాన పట్టింది. తోటికోడళ్ళిద్దరూ వీధరుగు మీద కూర్చుని బొంతకున్న ఎర్రపట్టీ ఊడదీశారు. గురమ్మ సూదిమొనతో కుట్టు లేపుతుంటే బుల్లమ్మ దారం లాగి వేలికి చుట్టింది. పట్టీ, చక్రం తీసేశాక మిగిలినదాన్ని సోడాలో ఉడకబెడితే తెల్ల ముక్కల మీది మరకలు పోతాయి. ఆ పని బుల్లమ్మ చేస్తానంది. పాడైనదాన్ని బాగుచెయ్యడానికి ఆమె చేతికి అభ్యంతరం లేదు.

గురమ్మ అడగ్గా అడగ్గా బుల్లమ్మ తన సంగతి చెప్పింది. కొత్తకోడలిగా ఉన్నప్పుడు తనచేత కూడా అత్త ఒకసారి రంగు వేయించింది. కుండ దగ్గర రెండో మనిషి ఉండకూడదు, కన్ను పడుతుందని ఆవిడ నియమం, అందుకని ఒక్కర్తే వేసింది. రంగు దిగిపోయింది. ఆ తర్వాత తోడు గిన్నె పోయింది, జాడీలు పోయాయి, నారుకట్ట పోయింది. పిల్ల పుట్టినప్పుడు తొలి స్నానం మంత్రసాని చేత చేయించారు. అన్నం ముట్టించింది అత్త. ఇప్పుడా పిల్ల బడికి పోతోంది, బాగానే ఉంది, దేవుడి దయ. ఇవన్నీ చెప్తున్నప్పుడు ఆమె గొంతులో కోపం కూడా లేదు. పక్కింటి వాళ్ళ కబురు చెప్తున్నట్టు చెప్పింది.

"మొదట్ల ఏడుపొస్తాది. తరవాత అలవాటైపోద్ది," అంది, దారం ఉండ అరుగు మీద పెడుతూ.

గురమ్మకి అన్నిటికంటే భయం వేసింది ఆ మాటకే. తనూ ఇలా నిమ్మళంగా మాట్లాడే రోజు వస్తుంది కాబోలు అనుకుంది. దానికంటే నూతిలో పడడం నయమనిపించింది. తనకీ రేపో మాపో పిల్లలు పుడతారు. ఆ పిల్లల ఒంటి మీద మొదటి చెంబు పోసే చెయ్యి తనది కాకపోతే ఇంకెవరిది?

రెండు రోజులు అమ్మ దగ్గరుండి వస్తానని అడిగితే జగ్గమ్మ వెంటనే సరేనంది. అంత వెంటనే సరేననడం కూడా గురమ్మకి నచ్చలేదు. మిగిలిన ఎర్రరంగు పొడి పొట్లం, ఒక పాత పంచె ముక్క చీరకొంగున మూటగట్టుకుని పొద్దున్న పాసింజరు ఎక్కింది.

*

నౌపడలో ఉప్పు పని అయిపోయింది. వాన మొదలవగానే మళ్ళు వదిలేసి, గట్టుల మీద పోసిన ఉప్పురాశులకి తాటాకు కప్పుతున్నారు. గురమ్మ తల్లి అసిరమ్మ మోకాళ్ళ దాకా కోక ఎగ్గట్టి, రాశి మీద ఆకు తొక్కుతోంది. కూతురు మొహం చూసి కిందికి దిగింది. ఏమైందని అడిగి, అంతా విని, నా ఎదట వెయ్యి చూస్తానంది. కుండ దగ్గర రెండో మనిషి ఉండకూడదన్న నియమం ఆ ఇంట్లో లేదు. ఉన్నదే ఒక్క గది, ఒక్క పెరడు, ఇంకెక్కడికి పోతారు?

పెరటి నూతిలోంచి నీళ్ళు తోడి గురమ్మ కుండ పెట్టింది. పొట్లం విప్పి, చేతికంటిన పొడి కుండలోనే కడిగి, ఉడుకు పట్టాక పంచె ముక్క వేసి వెదురు పుల్లతో తిప్పింది. అత్తవారింట్లో ఎలా వేసిందో అలాగే వేసింది, ఒక్క పని ఎక్కువ చెయ్యలేదు, ఒక్కటి తక్కువ చెయ్యలేదు. చల్లారాక తీసి జాడించింది. మొదటి నీళ్ళు ఎర్రగా వచ్చాయి. రెండో నీళ్ళు కాస్త గులాబీ తిరిగాయి. మూడోసారి నీళ్ళలోంచి బకెట్టు అడుగు కనబడింది. గుడ్డ మాత్రం మందారంలా ఉంది.

గురమ్మ ఆ తడిగుడ్డ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. తన చెయ్యి చెడ్డది కాదని ఎవరూ చెప్పకుండా కళ్ళతో చూసింది కదా, ఏడుపు ఆగలేదు.

"నీ సెయ్యి నా సెయ్యే గదే. దానికేటి రోగం," అంది అసిరమ్మ.

చెయ్యి బాగుంటే మరి అక్కడేమైంది? అన్నం తిని, అలవాటు కొద్దీ పెరటి నీళ్ళతో నోరు పుక్కిలిస్తుంటే గురమ్మకి నాలుక చురుక్కుమంది. ఆ నూతి నీళ్ళు ఉప్పన. పుట్టిన దగ్గర్నుంచీ వాటితోనే ఒళ్ళు కడుక్కుంది, బట్టలుతికింది, రంగులు వేసింది. తాగే నీళ్ళు మాత్రం కాలవ అవతల నుంచి మోసుకొస్తారు, వాటిని రంగులకి తగలేసేవాళ్ళెవరూ ఉండరు. పెళ్ళయ్యాక నూతిలోంచే తియ్యటి నీళ్ళు వస్తుంటే ఎంత సంబరపడిందని! నాలుగు నెలల్లో నాలుక పాత రుచి మర్చిపోయింది. పుక్కిలించిన నీళ్ళు ఉమ్మేసి, మళ్ళీ ఒక గుక్క నోట్లో పోసుకుని రుచి చూసింది.

మర్నాడు ఆమె ఆ నీళ్ళు ఒక కడవ నిండా పట్టి, మూతికి అరటాకు వేసి గట్టిగా తాడు కట్టి, తువ్వాల చుట్టకుదురు మీద పెట్టుకుని రైలెక్కింది. స్టేషను గోడ మీద కొత్తగా వేసిన కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం వానకి తడుస్తోంది. ఆ రంగూ కారుతోందేమోనని అప్రయత్నంగా చూసింది. పెట్టెలో జనం కడవలో ఏముందని అడిగారు. నీళ్ళంటే నమ్మలేదు. రుచి చూసిన ముసలాయన ఒకడు మొహం వికారంగా పెట్టి, తియ్యనీళ్ళ ఊరికి ఉప్పునీళ్ళు మోసుకుపోయే కోడలిని నేనింతవరకూ చూడలేదన్నాడు. కోటబొమ్మాళి దాకా పెట్టె పెట్టంతా నవ్వుకుంది. గురమ్మ కడవ ఒళ్ళోంచి దించలేదు.

*

ఈ నీళ్ళతో మళ్ళీ ఎరుపు వేస్తానని గురమ్మ అంటే, జగ్గమ్మ కడవనీ కోడల్నీ మార్చి మార్చి చూసింది. శుక్రవారం దగ్గరపడుతోంది, తన మణికట్టు వాపు తగ్గలేదు. లేకపోతే ఒప్పుకునేది కాదు. గురమ్మ ఈసారి కుండని వంటింటి వెనక చీకట్లో పెట్టలేదు. పట్టపగలు వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి కాచింది. జగ్గమ్మ కన్ను పడుతుందని గొణుగుతూ అరుగు మీదే కూర్చుంది గాని, చూడడం మానలేదు.

పట్టీకి కావలసిన గుడ్డా, చక్రానికి కావలసిన గుడ్డా ఒకే కుండలో వేసింది. తీసి జాడిస్తే మూడో నీళ్ళకి తేటపడింది. ఆరాక, తడిపిన తెల్లగుడ్డ దాని మీద పెట్టి చెంబుతో బాదింది. తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. దాన్ని అత్త చేతికిచ్చింది.

జగ్గమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి పక్కన పెట్టింది.

"అయితే మా నూతి నీళ్ళు సెడ్డవంటావు. మరి నాను ఇన్నేళ్ళూ ఆ నీళ్ళతోనే ఏసినాను గదే. నాకెలాగ నిలిసినాది?"

రైల్లో కూడా ఆ ప్రశ్న గురమ్మకి తట్టలేదు. అత్త న్యాయమైన మాటే అడిగింది. అదే నూయి, అదే పొట్లం, అదే కుండ. అత్తకి నిలిచింది, బుల్లమ్మకీ తనకీ నిలవలేదు. అలాంటప్పుడు తన చేతికి సముద్రం పక్క నీళ్ళు కూడా తోడు కావాలన్నమాట, అది ఇంకా నామోషీ. ఆమె అరుగు కింద కూలబడింది. ఓడిపోయానని ఒప్పుకోవడానికి నోరు తెరిచి, ఆఖరిసారిగా, నువ్వు రంగు ఎలా వేస్తావో మొదట్నుంచీ చెప్పు అత్తా అని అడిగింది.

చెప్పడానికేముందంది జగ్గమ్మ. నీళ్ళు పెడతాను, పొడి వేస్తాను, ఉడుకొచ్చాక గుడ్డ వేస్తాను, అందర్నీ అవతలికి పొమ్మని దిష్టి తీస్తాను, దించుతాను.

"దిష్టి ఏటితో తీస్తావు?"

"ఏటితో తీస్తారు, ఉప్పుతోనే. గుప్పెడు ఉప్పు కుండ సుట్టూ మూడుమార్లు తిప్పుతాను."

"మా ఇంట్ల ఉప్పుతో తియ్యం. మేం తినేదే దాని మీద. మిరపకాయలు తిప్పుతాం," అంది గురమ్మ. ఆ తర్వాత, "తిప్పి ఆ ఉప్పు ఎక్కడేస్తావు? పొయ్యిలోనా?" అంది.

"పొయ్యిలో ఏస్తే టపటపా పేల్తాది, గుడ్డ మీద నిప్పు పడద్దా? కుండలోనే ఏసేస్తాను."

గురమ్మ లేచి వెళ్ళి కడవ అడుగున మిగిలిన నీళ్ళు చేతిలో వంచుకొచ్చి, అత్త నోటి దగ్గర పెట్టింది. జగ్గమ్మ నాలుక తడి చేసుకుంది. రెండోసారి మళ్ళీ తడి చేసుకుంది. ఆవిడ తెలివితక్కువ మనిషి కాదు.

"నాను రంగు కోసం ఎయ్యనేదే, దిష్టికి ఏసినాను," అంది జగ్గమ్మ.

ఎందుకు వేసినా వేశావు కదా అంది గురమ్మ. గెలిచానన్న సంతోషం ఆమెకి తన్నుకొచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు. జగ్గమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూసుకుంటూ కూర్చుంది. మొగుడు చిన్న వయసులోనే పోయాడు, చదువు లేదు. ఆ చేతిని చూపించే ఇద్దరు కొడుకుల్ని పెంచింది, ఊళ్ళో పెద్ద ముత్తైదువుల పక్కన పీట వేయించుకుంది. ఇప్పుడది గుప్పెడు ఉప్పయిపోయింది.

జగ్గమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"నీ సెయ్యి మంచిదేనని నలుగురిలో నానే సెప్తాను. తోడు నువ్వే ఎయ్యి. సోమవారం తొలి నారుకట్ట కూడా నువ్వే ఎయ్యి. ఈ ఉప్పు మాట మాత్రం ఎత్తకు."

గురమ్మ కోరుకున్నదంతా అదే. దానికోసమే కడవ మోసింది. సరే అత్తా అంటే అయిపోతుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు, ఇప్పటికే నష్టపోయినవాళ్ళకి తప్ప. నిజానికి ఆ 'సరే' ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. పెరట్లో సోడాకుండ దగ్గర బుల్లమ్మ కర్రతో బొంతని తిప్పుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తన ఎరుపు చేసిన మరకల్నే ఆమె వదలగొడుతోంది.

"అక్కా, ఓ పాలి ఇలగ రా," అని గురమ్మ గట్టిగా పిలిచింది.

*

బుల్లమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. గురమ్మ కుండ కడిగి, ఇంటి నూతి తియ్యనీళ్ళే పోసి, మిగిలిన పొడి వేసి, ఒక పాత గుడ్డపేలిక ఆమె చేతికిచ్చింది. ఉప్పుజాడీ తెచ్చి పక్కన పెట్టింది. నేను రంగు ముట్టనని బుల్లమ్మ వెనక్కి జరిగింది. అత్తవైపు చూసింది. జగ్గమ్మ వెయ్యమనలేదు, వద్దనలేదు.

బుల్లమ్మే వేసింది. ఉప్పు గుప్పెడు కుండలో పోసినప్పుడు ఎందుకని అడగబోయి ఊరుకుంది. గుడ్డ ఉడుకుతున్నంతసేపూ గురమ్మ ఆమెకి నౌపడ నూతి సంగతీ, దిష్టి సంగతీ పూసగుచ్చినట్టు చెప్పింది. బుల్లమ్మ వెదురుపుల్ల తిప్పుతూ వింది. తీసి, జాడించి, మూడో నీళ్ళు తేటగా ఉండడం చూసింది. నాలుగోసారి, అక్కర్లేకపోయినా, మళ్ళీ నీళ్ళు పోసి జాడించింది. గుడ్డ దండెం మీద ఆరవేసి, ముడతలు సాపుచేసింది. ఆ తర్వాత అరుగు దగ్గరకొచ్చి అత్త ఎదురుగా నిలబడింది.

"నా పిల్లకి తొలి నీళ్ళు నన్ను పొయ్యనీనేదు. గుప్పెడు ఉప్పు నేకనేనా, అత్తా?"

ఆమె అరవలేదు. నీళ్ళు కావాలా అని అడిగే గొంతుతోనే అడిగింది. జగ్గమ్మ కింద మట్టిని చూసింది. గురమ్మకి తన సంతోషం మీద తనకే సిగ్గేసింది. తన బాధ నాల్రోజుల్లో తీరిపోయింది. బుల్లమ్మ పిల్ల మళ్ళీ పుట్టదు కదా.

"సోమవారం తొలి కట్ట నానేస్తాను," అంది బుల్లమ్మ.

"ఊళ్ళో..." అని మొదలుపెట్టింది జగ్గమ్మ. ఆ తర్వాత మాట మింగేసి, తలూపింది.

గురమ్మ కొత్త ఎర్రగుడ్డని మూల నుంచి మూలకి మడిచి, ఏటవాలుగా పట్టీలు కోసి, శుక్రవారం పొద్దుటికి బొంత పూర్తిచేసింది. చక్రం ముక్కలు బుల్లమ్మ కుట్టింది. సుభద్రమ్మగారి ఇంటికి సోములు పట్టుకెళ్ళి ఇచ్చొచ్చాడు. ఆవిడ అంచు తడిమి చూసి, జగ్గమ్మ చేతి పనంటే వేరే అందట. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే ముగ్గురాడవాళ్ళలో ఎవరూ సంతోషించలేదు, ఎందుకో సోములుకి అర్థం కాలేదు.

*

సోమవారం తెల్లవారేసరికి ఊడుపు ఆడవాళ్ళంతా గట్టు మీద చేరారు. ఇంటావిడ తొలి కట్ట వేసి ఒక వరస నాటేదాకా ఎవరూ మడిలో కాలుపెట్టరు. నారుకట్ట చంకన పెట్టుకుని ముందు నడుస్తున్నది బుల్లమ్మ అని చూసి, కబుర్లు ఆగిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దది, కూర్మమ్మ, జగ్గమ్మ దగ్గరగా వచ్చింది.

"ఏటి జగ్గమ్మా, కొత్త నారు. తెలిసి తెలిసి ఆ సేతికిస్తన్నావేటి?"

బుల్లమ్మ ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. ఆమె వీపు బిగుసుకోవడం వెనక నడుస్తున్న గురమ్మకి కనిపించింది. జగ్గమ్మ ఇప్పుడు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నా చెయ్యి బెణికింది, చిన్నదానికి జ్వరం, అందుకని, అనొచ్చు. అలాంటి మాటలు ఆవిడకి వెతుక్కోనక్కర్లేదు.

"దాని సెయ్యి మొదట్నుంచీ మంచిదే, కూర్మమ్మా," అంది జగ్గమ్మ, అందరికీ వినబడేలా. "మంచిది కానిది నా నోరు. రంగు కుండలో ఉప్పు పడితే నిలుస్తాది, పడకపోతే దిగిపోద్ది. నాకు నిలిసినాది దానికే. రేపు మీరందరూ ఏసి సూసుకోండి."

కూర్మమ్మ నోట్లో చుట్ట అలాగే ఉండిపోయింది. ఇరవై ఊళ్ళు చెప్పుకునే పేరుని ఆ ముసిల్ది ఊడుపు గట్టు మీద, సగం మంది దంతధావనం కూడా చెయ్యకముందే, బురదలో పారేసింది. గురమ్మకి అత్త మీద మొదటిసారి ప్రేమలాంటిది కలిగింది.

బుల్లమ్మ మడిలోకి దిగింది. పిక్కల దాకా బురద. కట్ట విప్పి, గుప్పెడు నారు ఎడంచేతిలోకి తీసుకుని, నాలుగడుగులు వేసి నిలబడింది. ఇటు మూల చూసింది, అటు మూల చూసింది. వంగింది, మళ్ళీ లేచింది. గట్టు మీద వాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆమె ఎందుకు నాటడం లేదో మొదట ఎవరికీ అర్థం కాలేదు. బుల్లమ్మ అత్తవైపు తిరిగింది. ఇన్నాళ్ళూ తడవని కళ్ళు అప్పుడు తడిశాయి.

"ఏ మూల మొదలెట్టాలి, అత్తా? నానెప్పుడూ సూడనేదు."

పదేళ్ళుగా ఆమె ఆ పొలానికి ఎండెక్కాకే వచ్చింది.

జగ్గమ్మ కోక ఎగ్గట్టి, కట్టు కట్టిన చెయ్యి బురద తగలకుండా పైకెత్తి పట్టుకుని మడిలోకి దిగింది. కోడలి పక్కకి వచ్చి, మంచి చేత్తో ఈశాన్యం మూల చూపించింది.